గుడ్డు ఒకటే, పురుగు వేరు: పిల్లల పేగుల్లో ఉన్నది ఏ జాతో డీఎన్‌ఏ ఎలా చెబుతుంది

రిపోర్టులో ఒకటే వాక్యం ఉంది: మలంలో కొంకి పురుగు గుడ్లు కనిపించాయి. ఆ కాగితం పట్టుకుని వచ్చిన తల్లి పక్కన ఏడేళ్ల పాప నిలబడి ఉంది. కింది కనురెప్ప కాస్త లాగి చూస్తే లోపల ఎరుపన్నదే లేదు. "ఇది కుక్కల నుంచి వస్తుందని మా పక్కింటావిడ అంటోందండీ, నిజమేనా?" అని అడిగిందామె. నేనప్పుడు మైక్రోబయాలజీ చదువుకుంటున్నాను. ఆ స్లైడు చూసింది నేనే. "మందు వేస్తే పోతుందమ్మా" అన్నాను. అది అబద్ధం కాదు గానీ ఆమె అడిగినదానికి జవాబు కాదు. ఆ జవాబు నా దగ్గర లేదు. నా దగ్గరనే కాదు, మైక్రోస్కోపులో ఆ గుడ్డును చూసి అది మనిషి పురుగుదో కుక్క పురుగుదో చెప్పగలిగినవాళ్లు ఎక్కడా లేరు.

కొంకి పురుగు గుడ్డు పొడవు సుమారు 60 మైక్రాన్లు, వెడల్పు 40. అంటే మిల్లీమీటరులో పదహారో వంతు. పలచని గాజుపొరలాంటి పెంకు, లోపల నాలుగో ఎనిమిదో కణాల ముద్ద, ఆ ముద్దకూ పెంకుకూ మధ్య కొంచెం ఖాళీ. ఒకసారి చూస్తే మరిచిపోలేం. చిక్కంతా ఏమిటంటే మనిషి పేగులో కాపురం పెట్టి గుడ్లు పెట్టే కొంకి పురుగులు ప్రధానంగా మూడు జాతులు. నెకేటర్ అమెరికానస్, ఆంకైలోస్టోమా డ్యుయోడినేల్ అనే రెండూ మనిషిని నమ్ముకున్నవి. మూడోది ఆంకైలోస్టోమా సెయ్‌లానికం. అది కుక్కలదీ పిల్లులదీ, అయినా మనిషిలోనూ పెరిగి పెద్దదై గుడ్లు పెట్టగలదు. మూడింటి గుడ్లూ ఒక్కలాగే ఉంటాయి.

పెద్ద పురుగే చేతికి దొరికితే ఇంత తికమక ఉండదు. నోరు చూస్తే చాలు. రెండు జతల కోరలుంటే డ్యుయోడినేల్. ఒక పెద్ద జత, దాని పక్కన కనీకనపడని చిన్న జత ఉంటే సెయ్‌లానికం. కోరల చోట కత్తి అంచులాంటి పలకలుంటే నెకేటర్. కానీ సెంటీమీటరు పొడవున్న ఆ పురుగు చిన్నపేగు గోడను కరిచి పట్టుకుని ఉంటుంది. బయటికి వచ్చేది గుడ్డు మాత్రమే. వెనకటి పరిశోధకులు మందు వేసి, మూడు రోజుల మలాన్ని జల్లెడ పట్టి, రాలిన పురుగులను ఏరి లెక్కపెట్టేవారు. ఇప్పుడు వందల మంది పిల్లల దగ్గర ఆ పని చేయలేం.

మరి ఏ జాతయితే ఏం? మాత్ర ఒకటే కదా? ఈ ప్రశ్న నేను డాక్టర్ల నోట కూడా విన్నాను. బడిలో వేసేది 400 మిల్లీగ్రాముల ఆల్బెండజోల్, అది మూడింటికీ వేసేదే. కాబట్టి పేరు తెలుసుకోవడం పరిశోధకుల ముచ్చట అనిపిస్తుంది. నేనూ కొంతకాలం అలాగే అనుకున్నాను. అది పొరపాటని నాకు మొదట తెలిసింది రక్తం లెక్క వేసినప్పుడు.

ఒక నెకేటర్ పురుగు వల్ల రోజుకు పోయే రక్తం సుమారు 0.03 మిల్లీలీటరు. డ్యుయోడినేల్ అయితే 0.15 నుంచి 0.2 దాకా. ఇద్దరు పిల్లల్లో చెరో 100 పురుగులు ఉన్నాయనుకుందాం. మొదటి బిడ్డకు రోజుకు 3 మిల్లీలీటర్లు పోతే రెండో బిడ్డకు 15 నుంచి 20 పోతాయి. 20 కిలోల బిడ్డ ఒంట్లో ఉండే రక్తమే లీటరున్నర. అందులోంచి రోజూ మూడు నాలుగు చెంచాలు పేగులోకి కారిపోతుంటే, పెట్టే తిండిలో ఇనుము ఎంత ఉన్నా ఎలా సరిపోతుంది? రిపోర్టులో మాత్రం ఇద్దరికీ ఒకటే వాక్యం ఉంటుంది. టాంజానియాకు చెందిన పెంబా దీవిలో బడిపిల్లల మీద చేసి 1998లో ప్రచురించిన అధ్యయనం దీన్ని కళ్లకు కట్టింది. నెకేటర్ మాత్రమే ఉన్న పిల్లల్లో రక్తహీనత దాదాపు 60 శాతం. డ్యుయోడినేల్ వాటా సగానికి మించిన పిల్లల్లో దాదాపు 80 శాతం. ఒకే దీవి, ఒకే రకం తిండి, ఒకే రకం గుడ్లు.

ఆ అధ్యయనంలో జాతిని ఎలా తేల్చారన్నది కూడా చెప్పాలి. మలంలోని గుడ్లను పొదగనిచ్చి, పిల్ల పురుగులు మూడో దశకు చేరేదాకా ఆగి, వాటి తోకనూ పేగునూ చూసి వేరు చేశారు. తడి వడపోత కాగితం మీద మలం పూసి, అడుగున కొంచెం నీళ్లున్న పరీక్షనాళికలో నిలబెట్టి, వారం పది రోజులు వేచి చూసే పద్ధతులు ఈ పనికోసమే పుట్టాయి. ఆ నీళ్లలోకి దిగే పిల్ల పురుగులు చర్మంలోంచి దూరగలవు. అంటే అది చేసేవాళ్లకే అంటుకునే ప్రమాదం ఉంది. పిల్ల పురుగు చర్మంలోంచి దూరుతుందని లోకానికి తెలిసిందే అలాంటి ప్రమాదం వల్ల. 1898లో కైరోలో పనిచేస్తున్న జర్మన్ శాస్త్రవేత్త ఆర్థర్ లూస్ చేతిమీద పిల్ల పురుగులున్న నీటిబొట్టు పడింది. అక్కడ దురద పుట్టి ఎర్రబడింది. కొన్ని వారాల తర్వాత తన మలంలోనే గుడ్లు చూసుకున్నాడు.

డ్యుయోడినేల్‌కు ఇంకో గుణం ఉంది, అది మన దేశంలోనే బయటపడింది. ఒంట్లోకి చేరిన పిల్ల పురుగు నేరుగా పేగుకు వెళ్లకుండా కండరాల్లో నెలల తరబడి నిద్రపోగలదు. బయట ఎండాకాలం, నేల పొడిగా ఉంది, ఇప్పుడు గుడ్లు పెట్టినా దండగ. తొలకరి దగ్గరపడే వేళకు లేచి పేగులోకి వస్తుంది. పశ్చిమ బెంగాల్ పల్లెల్లో గమనించిన ఈ సంగతిని 1973లో ప్రచురించారు. మాత్ర చంపేది పేగులో ఉన్న పురుగునే, కండలో నిద్రపోతున్నదాన్ని కాదు. నెకేటర్ ఇలా నిద్రపోయే రకం కాదు. అందుకే ఏ నెలలో మాత్ర వేస్తే మేలు అన్న ప్రశ్నకు కూడా జాతి పేరుతో పని ఉంది.

పక్కింటావిడ అన్నమాట

ఇక కుక్కల సంగతి. సెయ్‌లానికం అన్న పేరు సిలోన్ నుంచి వచ్చింది. అక్కడి పునుగుపిల్లిలో దొరికిన పురుగుకు 1911లో ఆ పేరు పెట్టింది ఇందాకటి లూసే. రెండేళ్లకే, 1913లో, ఇండియన్ మెడికల్ సర్వీసులో పనిచేసిన క్లేటన్ లేన్ దాన్ని మనిషిలోనూ చూశానని ఇండియన్ మెడికల్ గెజిట్‌లో రాశాడు. ఆ మనుషులు బెంగాల్ జైళ్లలోని ఖైదీలు. ఆ తర్వాత చాలాకాలం ఈ పురుగునూ, బ్రెజిల్‌లో వర్ణించిన బ్రెజిలియెన్స్ అనే ఇంకో జాతినీ ఒకటే అనుకున్నారు. 1951లో గానీ అవి వేరని తేలలేదు. అప్పటికే మనిషికి ఇది అరుదన్న అభిప్రాయం పాఠ్యపుస్తకాల్లో స్థిరపడిపోయింది.

అరుదు కాదని చెప్పింది డీఎన్‌ఏ పరీక్షే. 2012లో కంబోడియా ఉత్తరాన ఉన్న ఒక పల్లెలో మనుషుల మలాన్నీ కుక్కల మలాన్నీ కలిపి పరీక్షించారు. కొంకి పురుగు ఉన్న మనుషుల్లో సుమారు సగం మందికి ఉన్నది సెయ్‌లానికం. ఊళ్లో కుక్కలన్నిటికీ దాదాపుగా కొంకి పురుగులు ఉన్నాయి. మలేసియాలోని ఆదివాసీ సమూహాల్లో కూడా నెకేటర్ తర్వాతి స్థానం దీనిదేనని దాదాపు అదే కాలంలో తేలింది. ఇన్నేళ్లుగా మైక్రోస్కోపు కింద ఇవన్నీ "కొంకి పురుగు గుడ్లు" అన్న ఒక్క మాటలో కలిసిపోయాయి.

ఆలోచిస్తే దీని బరువు అర్థమవుతుంది. నెకేటర్‌కు మనిషి తప్ప వేరే గతి లేదు. ఊళ్లో పిల్లలకూ పెద్దలకూ మాత్రలు వేసి, మరుగుదొడ్లు వాడితే దాని వంశం సన్నగిల్లుతుంది. సెయ్‌లానికం అలా కాదు. బడిలో ప్రతి బిడ్డా మాత్ర నమిలినా, వంటగది వెనక పడుకున్న కుక్క మర్నాడు పొద్దున అదే ఆవరణలో విసర్జిస్తుంది. మాత్రల లెక్క నూటికి నూరు శాతం కనిపిస్తుంది, పిల్లలు మళ్లీ పాలిపోతూనే ఉంటారు. పక్కింటావిడ ఊహ తప్పో ఒప్పో అన్నది ఆ ఊరి కుక్కలకు మందు వెయ్యాలా వద్దా అన్న ప్రశ్న.

గంట దాటితే మాయమయ్యే గుడ్లు

డీఎన్‌ఏ దాకా వెళ్లేముందు, ఇప్పుడు సర్వేల్లో వాడే పద్ధతి ఎలా ఉంటుందో దగ్గరగా చూద్దాం. దాని పేరు కాటో-కాట్జ్. జపాన్‌లో 1950ల్లో మొదలై, 1972లో బ్రెజిల్‌లో మెరుగుపడింది. మలాన్ని సన్నని జాలీ గుండా నొక్కి పీచూ పిప్పీ తీసేస్తారు. స్లైడు మీద బెజ్జమున్న చిన్న అచ్చు పెట్టి, ఆ బెజ్జం నిండా మలం కూరతారు. అందులో పట్టేది 41.7 మిల్లీగ్రాములు. అచ్చు ఎత్తేసి, గ్లిజరిన్‌లో నానిన ఆకుపచ్చ సెల్లోఫేన్ ముక్క పైన పరిచి, స్లైడు తిరగేసి అదుముతారు. గ్లిజరిన్ మలాన్ని కరిగించినట్టుగా పారదర్శకం చేస్తుంది. అప్పుడు గుడ్లు లెక్కపెట్టి 24తో గుణిస్తే గ్రాముకు ఎన్ని గుడ్లో వస్తుంది.

ఖర్చు తక్కువ, కరెంటు లేని చోటా అద్దంతో వెలుతురు పట్టి చూడొచ్చు. ఈ పద్ధతి మీద నాకు గౌరవం ఉంది. కానీ ఆ గ్లిజరిన్ కొంకి పురుగు గుడ్డు పలచని పెంకును కూడా వదలదు. అరగంట నుంచి గంటలోపు చూడకపోతే గుడ్డు పారదర్శకమై కంటికి ఆనకుండా పోతుంది. చదువుకునే రోజుల్లో ఒక శిబిరంలో నేను పొద్దున్నే 40 స్లైడులు వరసగా తయారుచేసి, అన్నం తిని వచ్చి చూడ్డం మొదలుపెట్టాను. ఏలికపాముల గుడ్లు గోధుమరంగులో నిక్షేపంగా ఉన్నాయి. కొంకి పురుగు ఒక్కదానికీ లేదని రాశాను. మర్నాడు మా సీనియర్ అవే నమూనాలతో కొత్త స్లైడులు చేసి వెంటనే చూస్తే ఆరింటిలో ఉన్నాయి. ఆ ఆరుగురు పిల్లల కాగితాలు దిద్దగలిగాం గానీ, ఇలా దిద్దకుండా మిగిలినవి ఎన్ని ఉంటాయోనన్న దిగులు నాకు ఇప్పటికీ ఉంది.

గడియారం తప్పు లేకపోయినా లెక్కలోనే ఒక లోపం ఉంది. గ్రాముకు 10 గుడ్లున్న బిడ్డను తీసుకోండి. 41.7 మిల్లీగ్రాముల్లో సగటున అర గుడ్డు కూడా పడదు. గుడ్లు మలమంతా సమంగా చెదిరి ఉన్నాయనుకున్నా, మూడు స్లైడుల్లో రెండింట ఏమీ కనిపించదు. పురుగులు ఎక్కువగా ఉన్న రోజుల్లో ఇది పట్టించుకోవాల్సిన విషయం కాదు. ఏళ్ల తరబడి మాత్రలు వేసి పురుగుల సంఖ్య తగ్గిన ఊళ్లలోనే ఇప్పుడు మనకు కావలసిన ప్రశ్న ఉంది: అయిపోయిందా, ఇంకా మిగిలిందా? సరిగ్గా అక్కడే మైక్రోస్కోపు సుమారు సగం మందిని వదిలేస్తుంది.

పల్లవి, చరణం

పీసీఆర్ అన్న మాట కరోనా పుణ్యమా అని ఇప్పుడు ప్రతి ఇంట్లోనూ తెలుసు. "సీటీ ఎంత వచ్చింది?" అని ఫోన్లలో అడుక్కున్న రోజులు మరిచిపోలేదు కదా. పురుగుల పరీక్ష కూడా అదే యంత్రం మీద, అదే సూత్రంతో జరుగుతుంది. ఒక తేడా ఏమిటంటే కరోనాది ఆర్ఎన్‌ఏ కాబట్టి ముందు దాన్ని డీఎన్‌ఏగా మార్చుకోవాలి. పురుగుకు ఆ మెట్టు అక్కర్లేదు.

ఒక పాట అనుకోండి. పల్లవి అందరికీ తెలిసిందే, మళ్లీ మళ్లీ వస్తుంది. చరణాలు మాత్రం వేరు. ప్రతి పురుగు కణంలోనూ ప్రొటీన్లు తయారుచేసే రైబోజోమ్ కోసం కొన్ని జన్యువులు ఉంటాయి. అవి పల్లవి లాంటివి. కోట్ల ఏళ్లు గడిచినా పెద్దగా మారలేదు, పైగా ఒక్కో కణంలో అనేక నకళ్లుగా వరసగా పేర్చి ఉంటాయి. రెండు పల్లవుల మధ్య ఐటీఎస్ అనే చిన్న ముక్కలు ఉంటాయి. వాటితో ప్రొటీను తయారవదు, అందుకే అవి జాతి జాతికీ స్వేచ్ఛగా మారిపోయాయి. అవే చరణాలు. నెకేటర్ చరణం ఒకటి, డ్యుయోడినేల్‌ది మరొకటి, సెయ్‌లానికం దానికి దగ్గరగా ఉన్నా కొన్ని అక్షరాలు తేడా.

పరీక్ష చేసేవాళ్లు ప్రైమర్లు అనే రెండు పొట్టి డీఎన్‌ఏ ముక్కలను తయారు చేయిస్తారు. అవి పల్లవిలో అతుక్కుంటే మధ్యలోని చరణం నకలు తయారవుతుంది. చరణంలోనే అతుక్కునేలా చేస్తే ఆ ఒక్క జాతి ఉన్నప్పుడే నకలు వస్తుంది. గొట్టాన్ని 95 డిగ్రీలకు వేడిచేస్తే డీఎన్‌ఏ జంట పోగులు విడిపోతాయి. 60 చుట్టూ చల్లార్చితే ప్రైమర్లు అతుక్కుంటాయి. తర్వాత ఎంజైము పోగును పూరిస్తుంది. ఒకటి రెండవుతుంది, రెండు నాలుగు. 30 చుట్లు తిరిగేసరికి ఒక్క ముక్క 107 కోట్లు దాటుతుంది. ఒక్కో జాతి చరణానికి ఒక్కో రంగు వెలుగు చిమ్మే ప్రోబ్ కలిపితే, ఎన్నో చుట్టులో ఏ రంగు వెలిగిందో యంత్రం రాసుకుంటుంది. ఆ చుట్టు సంఖ్యే సీటీ. ఎంత త్వరగా వెలిగితే అంత ఎక్కువ డీఎన్‌ఏ ఉన్నట్టు. సీటీ మూడు అంకెలకు కాస్త ఎక్కువ తగ్గితే డీఎన్‌ఏ పదింతలు ఉన్నట్టు లెక్క.

ఒకే బిడ్డలో నెకేటర్, డ్యుయోడినేల్, ఏలికపాము, కొరడా పురుగు అన్నీ ఉంటే అన్నీ విడివిడిగా తెలుస్తాయి. ఇంకొకటి, నాకు చాలా ముఖ్యమనిపించేది: స్ట్రాంగిలాయిడిస్. ఈ పురుగు గుడ్లు మలంలోకి రావు, పిల్ల పురుగులే వస్తాయి, అందుకే కాటో-కాట్జ్‌కు అది దాదాపు కనిపించదు. ఒక్క మోతాదు ఆల్బెండజోల్‌కు సరిగా లొంగదు, దానికి ఐవర్‌మెక్టిన్ అనే వేరే మందు కావాలి. ఒంట్లోనే తరం తర్వాత తరం పెరుగుతూ దశాబ్దాలు ఉండిపోగలదు. అలాంటి మనిషికి ఎప్పుడో స్టెరాయిడ్లు ఇస్తే ఒళ్లంతా పాకి ప్రాణం తీస్తుంది. చిన్నప్పుడే పట్టుకోగలిగితే ఎంత నష్టం తప్పుతుంది!

ఇటీవల ఐటీఎస్‌ను దాటి ముందుకు వెళ్లారు. అమెరికాలోని స్మిత్ కాలేజీ పరిశోధకులు 2016లో పురుగుల జన్యురాశిని కంప్యూటర్లలో గాలించి, వందల వేల సార్లు పునరావృతమయ్యే ముక్కలను ఎంచి వాటికి ప్రైమర్లు రాశారు. గొట్టంలో వెతకాల్సిన లక్ష్యం మొదటి నుంచే వేలల్లో ఉంటే, ఒక్క గుడ్డులో కొంత భాగం పడినా దొరుకుతుంది.

దొరికిందంతా పురుగు కాదు

ఇక్కడే జాగ్రత్తగా ఉండాలి. పీసీఆర్ మీద గుడ్డి నమ్మకం మైక్రోస్కోపు మీద గుడ్డి నమ్మకం కన్నా మంచిదేమీ కాదు.

మొదటి అడ్డంకి గొట్టంలోకి డీఎన్‌ఏను తేవడమే. మలంలో పిత్త లవణాలు, మొక్కల నుంచి వచ్చిన జిగురు పదార్థాలు ఉంటాయి. అవి ఎంజైమును పనిచేయనివ్వవు. పురుగు ఉన్నా యంత్రం లేదంటుంది. అందుకే ప్రతి నమూనాలోనూ మనకు ముందే తెలిసిన వేరే డీఎన్‌ఏ కొంచెం కలుపుతారు. అది కూడా వెలగకపోతే పరీక్షే జరగలేదని అర్థం, బిడ్డకు పురుగు లేదని కాదు. పెంకు సంగతి మరొకటి. ఏలికపాము గుడ్డు మట్టిలో ఏళ్లు బతుకుతుంది, అంత గట్టి పెంకు. కొరడా పురుగుదీ అంతే. మామూలు రసాయనాలతో అవి పగలవు. నమూనాలో చిన్న గాజుపూసలో పింగాణీ పూసలో వేసి, యంత్రంలో పెట్టి దడదడలాడించి పగలగొట్టాలి. ఈ పని చేయకుండా "మా జిల్లాలో కొరడా పురుగు లేదు" అని రాస్తే, అది మధ్యాహ్నం చూసిన నా స్లైడుల కన్నా నమ్మదగ్గది కాదు.

రెండోది సీటీని గుడ్ల లెక్కగా మార్చడం. కొంకి పురుగు గుడ్డు బయటికి వచ్చినప్పుడు నాలుగో ఎనిమిదో కణాలు. మన ఎండల్లో డబ్బా నాలుగైదు గంటలు బల్ల మీద ఉంటే ఆ కణాలు పదులు దాటతాయి, మర్నాటికి పిల్ల పురుగే తయారవుతుంది. గుడ్లు అవే, డీఎన్‌ఏ మాత్రం పెరిగిపోయింది. పొద్దున తెచ్చిన నమూనాకూ సాయంత్రం తెచ్చిన నమూనాకూ సీటీ వేరు. గ్రాముకు 2,000 గుడ్లు దాటితే మధ్యస్థం, 4,000 చేరితే తీవ్రం అన్న ప్రపంచ ఆరోగ్య సంస్థ హద్దులు గుడ్ల మీద కట్టినవి, సీటీ మీద కావు.

మూడోది అన్నిటికన్నా లోతైనది. మలంలో ఒక జాతి డీఎన్‌ఏ దొరికినంత మాత్రాన ఆ పురుగు ఆ బిడ్డ పేగులో బతుకుతోందనలేం. వైద్యం కోసం చిత్తూరు నుంచీ రాయలసీమ అంతటి నుంచీ మనవాళ్లు వెళ్లే వేలూరు ఉంది కదా, అక్కడి క్రిస్టియన్ మెడికల్ కాలేజీ పరిశోధకులు దగ్గరలోని జవ్వాదు కొండల్లో గిరిజనుల మలాన్నీ, కుక్కల మలాన్నీ, మట్టినీ కలిపి పరీక్షించి 2016లో ఫలితాలు ప్రచురించారు. మనుషుల్లో ఎక్కువగా కనిపించింది నెకేటర్. కొందరిలో కుక్కల కొంకి పురుగైన కెనైనం డీఎన్‌ఏ కూడా దొరికింది. కెనైనం మామూలుగా మనిషిలో పెద్దదై గుడ్లు పెట్టదు. మరి ఆ డీఎన్‌ఏ ఎక్కడిది? కుక్క విసర్జించిన మట్టి చేతికి అంటి, నోట్లోకి పోయి, గుడ్డు అలాగే జీర్ణం కాకుండా బయటికి వచ్చి ఉండొచ్చు. లేదా పిల్ల పురుగు పేగుదాకా చేరి, గుడ్లు పెట్టకుండా ఉండి ఉండొచ్చు. పీసీఆర్ ఆ రెండింటినీ వేరు చేయలేదు. కానీ ఆ పిల్లల చేతులకూ కుక్కల మలానికీ మధ్య దూరం ఎంత తక్కువో మాత్రం చెప్పింది.

మాత్ర పనిచేయనప్పుడు

పేరు తెలియకపోతే ఏమవుతుందో చెప్పడానికి నాకు తెలిసిన గట్టి ఉదాహరణ కొరడా పురుగుది. ఆల్బెండజోల్ ఒక్కటే వేస్తే ఇది అంతగా లొంగదని ఎప్పటినుంచో తెలుసు. ఐవర్‌మెక్టిన్ కలిపి ఇస్తే ఎలా ఉంటుందని మూడు దేశాల్లో ఒకే పద్ధతిలో పరీక్షించి, 2022లో ఫలితాలు ప్రచురించారు. లావోస్‌లో మూడింట రెండొంతుల మందికి నయమైంది. పెంబాలో దాదాపు సగం మందికి. ఐవరీ కోస్ట్‌లో ఏడుగురిలో ఒకరికే. అవే మాత్రలు, అవే గుడ్లు. మందుకు అలవాటు పడిపోయిందేమోనని మొదట అనుమానం వచ్చింది. డీఎన్‌ఏ చదివితే అది అసలు మనం అనుకున్న పురుగే కాదు. పందుల కొరడా పురుగుకు దగ్గరి చుట్టమైన వేరే జాతి. స్విట్జర్లాండ్ పరిశోధకులు దానికి ట్రైక్యూరిస్ ఇన్‌కాగ్నిటా అని పేరు పెట్టారు, గుర్తుపట్టకుండా తిరిగేది అని. మైక్రోస్కోపు ముందు కూర్చున్నవాళ్ల కళ్లముందే అది తిరుగుతూ ఉంది.

మందుకు అలవాటు పడటం కూడా కల్పన కాదు. గొర్రెలకు ఏడాదికి పలుమార్లు నట్టల మందు తాగించే కాపరులకు ఇది చెప్పనక్కర్లేదు. ఒకప్పుడు బాగా పనిచేసిన మందు తర్వాత పనిచేయకపోవడం వాళ్లు చూశారు. గొర్రె పురుగుల్లో దాని మూలం బీటా ట్యూబ్యులిన్ అనే ప్రొటీనులో 167, 198, 200 స్థానాల్లో వచ్చే మార్పులు. 200వ చోట ఫినైలాలనిన్ అనే అమైనో ఆమ్లం బదులు టైరోసిన్ అనేది వస్తే ఆల్బెండజోల్ జాతి మందులకు అక్కడ పట్టు దొరకదు. అమెరికాలో పందేల నుంచి విరమించిన గ్రేహౌండ్ కుక్కల కొంకి పురుగుల్లో ఒక్క మందుకే కాదు, పలు మందులకు లొంగనివి బయటపడ్డాయి. పిల్లల పురుగుల్లో ఈ మార్పులు పెరుగుతున్నాయా అని కనిపెట్టి ఉండే మార్గం డీఎన్‌ఏ ఒక్కటే. గుడ్డు పెంకు మీద ఆ సంగతి రాసి ఉండదు.

మన బళ్లలో

2015లో మొదలైన జాతీయ నులిపురుగుల నివారణ దినం ఫిబ్రవరి 10న, ఎక్కువ పురుగులున్న చోట్ల ఆగస్టు 10న కూడా జరుగుతుంది. 1 నుంచి 19 ఏళ్ల వాళ్లందరికీ పరీక్ష లేకుండానే మాత్ర. రెండేళ్లలోపు పిల్లలకు సగం, అదీ పొడి చేసి. అంగన్‌వాడీ టీచరు రెండు చెంచాల మధ్య మాత్రను నలిపి, నీళ్లలో కలిపి, మొహం తిప్పుకునే పిల్ల నోట్లో పోసే దృశ్యం నాకు ఎన్నిసార్లు చూసినా తృప్తిగానే ఉంటుంది. అది సరైన పద్ధతి. మాత్ర చవక, భద్రం. ప్రతి బిడ్డకూ పరీక్ష చేశాకే వెయ్యాలంటే ఎవరికీ అందదు. ఇది చదివి ఎవరూ తమ పాపకు పురుగుల పీసీఆర్ చేయించాలని ల్యాబుల చుట్టూ తిరగక్కర్లేదు. ఆ అవసరం బిడ్డది కాదు, ఊరిది, జిల్లాది.

ఊరిలో పురుగులున్న పిల్లలు 20 శాతం దాటితే ఏడాదికోసారి, 50 దాటితే రెండుసార్లు మాత్ర అన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. ఆ శాతం ఏ పద్ధతితో వచ్చిందన్న దాన్నిబట్టి ఊరు గీతకు ఈ పక్కన పడుతుందో ఆ పక్కన పడుతుందో మారుతుంది. అందుకే మాత్రలతో కొంకి పురుగు వ్యాప్తిని పూర్తిగా ఆపగలమా అని మన దేశం, బెనిన్, మలావీల్లో చేసిన డీవార్మ్3 పరిశోధనలో తుది తీర్పుకు మైక్రోస్కోపును కాక పీసీఆర్‌ను పెట్టుకున్నారు. మన దేశంలో దాని చోటు వేలూరు వైపున్న తిమిరి, జవ్వాదు కొండలే.

తెలుగు రాష్ట్రాల్లో యంత్రాల కొరత ఇప్పుడు అంతగా లేదు. కరోనా కాలంలో జిల్లాలకు వచ్చిన పీసీఆర్ యంత్రాలు ఈ పనికీ పనికొస్తాయి. కావలసినవి ప్రైమర్లూ ప్రోబులూ, పూసలతో దడదడలాడించే చిన్న యంత్రం, చేయి తిరిగిన టెక్నీషియన్. వీటన్నిటికన్నా ముందు, నమూనా. మలం నమూనా అనగానే మంచుపెట్టె, రాత్రికి రాత్రి రవాణా అని భయపడతారు. 32 డిగ్రీల వేడిలో 60 రోజులు ఉంచి చూసిన పరిశీలనలో, 95 శాతం ఇథనాల్‌లో వేసిన కొంకి పురుగు డీఎన్‌ఏ ఉత్త మలంలో కన్నా ఎంతో బాగా నిలిచింది. పైగా ఇథనాల్‌లో పడిన గుడ్డులో కణాలు ఇంకా విభజన చెందవు, ఇందాక చెప్పిన సీటీ చిక్కు అక్కడితో ఆగుతుంది.

అంటే ఫిబ్రవరి 10కి రెండు రోజుల ముందు, మండలానికి రెండు బళ్లలో, తల్లిదండ్రుల అనుమతితో, పిల్లలు తెచ్చిన డబ్బాల్లోంచి చిటికెడు చొప్పున ఇథనాల్ గొట్టాల్లోకి తీసిపెట్టొచ్చు. మూడు వారాల తర్వాత అదే పిల్లల దగ్గర మళ్లీ ఒకసారి. అదే వారంలో పశువైద్యశాల మనిషి ఆ బడి చుట్టూ ఉన్న కుక్కల మలం కూడా ఏరితే మంచిది. గొట్టం మీద బడి పేరు, తేదీ, తెచ్చిన గంట, ఇథనాల్‌లో వేసిన గంట రాయాలి. ఆ రెండు గంటల మధ్య తేడా రాయడం మాత్రం ఎవరూ మరవకూడదు.